చార్జి అప్పగింతలు

సింహాద్రి పొద్దున్నే స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన ఉండగానే దీపం వెలిగించేవాడు. పటంలో ఉన్నది సింహాచలం అప్పన్న. అది ఎప్పటి పటమో, స్వామి మీది చందనం కూడా పొగచూరి నల్లబడిపోయింది. వత్తి నిలబడ్డాక రెండు చేతులూ జోడించి, మంత్రం చదివినంత భక్తిగా, "స్వామీ, చార్జ్ లేలో" అనేవాడు. వెనకాల పీట మీద కూర్చున్న కూతురు నీలిమ స్వామి తరఫున జవాబు చెప్పేది. "లేలియా."

తీసుకో అని తండ్రి, తీసుకున్నాను అని కూతురు. ఆ రెండు మాటలూ అయ్యాకే ఆ ఇంట్లో టీ కాగేది. అంతవరకూ నీలిమ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

మా వంటింటి కిటికీకి ఎదురుగానే వాళ్ళ ముందుగది. భిలాయి స్మృతి నగర్‌లో మా వరస ఇళ్ళ మధ్య సందు ఎంత సన్ననిదంటే, ఒకరింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. మా ఆవిడ తులసమ్మ ఆ "లేలియా" వినబడ్డాకే పాలగిన్నె పొయ్యి మీద పెట్టేది. ఇప్పుడు అటువైపు దీపం లేదు. అయినా గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడుతుంది.

కొత్తగా విన్నవాళ్ళు నవ్వేవారు. "దేవుడికి చార్జి ఇవ్వడమేటి సింహాద్రీ, ఆయనేమైనా మీ ఫోర్‌మేనా?" అని ఒకాయన అడిగితే, "ఫోర్‌మేనైతే సెలవు పెడతాడు బావూ. ఈయన పెట్టడు," అన్నాడు.

సింహాద్రి ఉక్కు ప్లాంటులో చార్జింగ్ కార్ నడిపినవాడు. బొగ్గును మగ్గబెట్టి కోక్ చేయడానికి వరసగా కట్టిన పెద్ద పెద్ద ఇటుక పొయ్యిలుంటాయి. వాటి నెత్తి మీద పట్టాలు. ఆ పట్టాల మీద బొగ్గుతో నడిచే బండే చార్జింగ్ కార్. పొయ్యి నోరు తెరిపించాలి, కడుపు నింపాలి, మూత వేయించి ముందుకు కదలాలి. కింది నుంచి సెగ తగలకుండా కాళ్ళకి చెక్క అడుగు చెప్పులు వేసుకునేవారు. ఆ చెప్పులు వేసుకున్న నడక రిటైరయ్యాక కూడా అతన్ని వదల్లేదు. సిమెంటు రోడ్డు మీద కూడా వేడిగచ్చు మీద నడిచినట్టే పాదం ఎత్తెత్తి వేసేవాడు.

అక్కడ ఒక పద్ధతుంది. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడితో, ఏ పొయ్యి నిండింది, ఏది ఖాళీ, ఏ మూత సతాయిస్తోంది అన్నీ చెప్పి, చివర్న "చార్జ్ లేలో" అనాలి. ఎక్కేవాడు అన్నీ విని "లేలియా" అనాలి. ఆ మాట పడేదాకా దిగేవాడు బండి వదలకూడదు. సంతకాలు వేరే ఉంటాయిగాని, మనుషులు నమ్ముకునేది ఆ నోటిమాటనే.

సింహాద్రి తన సర్వీసు మొత్తం మీద ఒక్కసారి ఆ మాట అనకుండా దిగిపోయాడు. నీలిమ అప్పటికి ఇంకా తప్పటడుగులే వేస్తోంది. ఇంటి దగ్గర జ్వరం తలకెక్కి, కళ్ళు తేలేసి, కొట్టుకుంటోందని కబురొచ్చింది. రావలసినవాడు ఇంకా రాలేదు. బండి ఆపేసి, మెట్లు దిగి, సైకిలెక్కి వచ్చేశాడు. దానికి చార్జిషీటు ఇచ్చారు. "ఇవ్వరా మరి? తప్పు నాదే అన్నియ్యా," అనేవాడు నాతో. "కింద నిలబడ్డవోడికి ఎవుడికో ఒకడికి ఆ మాట చెప్పి దిగాలి కదా. నోరు రాలేదు."

జ్వరం తగ్గింది. పిల్ల పొడుగైంది, జడ పెరిగింది, బుద్ధి మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయింది. అప్పుడప్పుడూ ఫిట్స్ వచ్చేవి. తల్లి నర్సమ్మ ఉన్నన్నాళ్ళూ అన్నీ ఆమే చూసుకుంది. ఆమె పోయి, పెద్దకర్మ అయిన మర్నాడు సింహాద్రి డ్యూటీకి వెళ్ళాలి. ఇంట్లో పిల్లనెవరికి అప్పగించి వెళ్ళాలో తెలియక పటం ముందు నిలబడ్డాడు. నోటికి వచ్చిన మాట అదొక్కటే. వెనక నుంచి, తండ్రి దగ్గరే ఎప్పుడో విన్నదేమో, నీలిమ "లేలియా" అంది. అలా మొదలైంది.

ఆ పిల్లని వీధి వీధంతా చూసుకునేది. పొద్దున్న కూరల బండి తోసుకొచ్చే సాహు భాభీ వాళ్ళ గేటు దగ్గర ఆగి ఒక కొత్తిమీర రెబ్బ నీలిమ చేతికిచ్చేది. నీలిమ దాన్ని పువ్వులా చెవిలో పెట్టుకునేది. ఆ భాభీ ఒక్కరోజు కూడా ఎగతాళిగా నవ్వలేదు. "అచ్ఛీ లగ్ రహీ హై బిటియా," బాగున్నావు తల్లీ అని, బండి కదిపేది. భగవంతుడు కొందరిని ఇందుకే ఉదయాన్నే లేపుతాడనిపించేది నాకు.

మా గుడి అరుగు మీద సాయంత్రాలు కూర్చునేవారిలో సుబ్రహ్మణ్యం మాస్టారొకరు. ప్లాంటు వాళ్ళ సెక్టార్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఒకనాడు సింహాద్రి ఫోను ఆగిపోయింది. దాన్ని తిప్పి తిప్పి చూసి ఆయన్ని అడిగాడు.

"మాస్టారూ, నాకో అనుమానమండి. నేను చార్జింగ్ కార్ నడిపేను. చార్జ్‌మేన్ అయ్యేను. మధ్యలో చార్జిషీటు తిన్నాను. ఇదేమో చార్జింగ్ లేదని చచ్చింది. ఆటోవోడు చార్జి అంటాడు. ఇన్ని చార్జీలూ ఒక్క తల్లి పిల్లలేనా, వేరేవేరేనా?"

మాస్టారిని ఇలాంటి ప్రశ్న అడిగితే కాఫీ ఇచ్చినట్టే. సర్దుకుని కూర్చున్నారు. "ఒక్క తల్లి పిల్లలేనయ్యా. ఆ తల్లి పేరు బండి."

"బండేటండి?"

"లాటిన్ అని పాతకాలపు భాష. అందులో కర్రస్ అంటే బండి. బండికి సామాను ఎత్తడం అనే మాట దాన్నుంచి పుట్టి, ఫ్రాన్సు దేశం మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి చార్జి అయింది. మొదట బండికెత్తిన బరువు. అదే బరువు మనిషికెత్తితే బాధ్యత. తప్పు ఎత్తితే నేరం. మనమూ నేరం మోపడం అనే కదా అంటాం? సరుకు మీద మోపితే ధర. తుపాకీలో మందు కూరితే చార్జి, బ్యాటరీలో కరెంటు నింపితే చార్జి. అన్నిట్లోనూ ఉన్నది ఎత్తడమూ, నింపడమూ."

"సినిమాల్లో సిపాయిలు గుర్రాల మీద ఉరుకుతారు, చార్జ్ అని అరిచి. అదో?" అన్నాను నేను.

మాస్టారు తల గోక్కున్నారు. "అది ఇలా వచ్చిందని కొందరు, అలా వచ్చిందని కొందరు. నాకు సరిగ్గా తెలీదు సూర్యారావుగారూ. తెలీనిది చెప్పకూడదు." సింహాద్రి వైపు తిరిగి, "ఇంకో తమాషా ఉంది. కార్ అన్న మాటా ఆ కర్రస్ నుంచి వచ్చిందే," అన్నారు.

"అయితే చార్జింగ్ కార్ అంటే?"

"బండికెత్తే బండి."

సింహాద్రి చాలాసేపు నవ్వాడు. నవ్వి, "మా నాయన చీపురుపల్లి సంతకి గోగునార మోపులు బండికెత్తేవోడు. ఆ పని వద్దనే రైలెక్కి ఇక్కడికి వచ్చీసేను. తప్పించుకున్నాననుకున్నాను మాస్టారూ," అన్నాడు. లేస్తూ లేస్తూ మళ్ళీ ఆగాడు. "మరి డిశ్చార్జి?"

"ఎత్తినది దించెయ్యడం."

"అది బాగుంది," అన్నాడు. ఆ రోజుకి ఆ మాట బాగానే ఉంది.

పోయినేడు వానలు మొదలయ్యాక అతనికి అన్నం సయించడం మానేసింది. దుర్గ్‌లో చూపిస్తే రాయపూర్ తీసుకెళ్ళమన్నారు. అతని చెల్లెలి కొడుకు మనోజ్‌కుమార్ తోడు వెళ్ళాడు. నీలిమని మా ఇంట్లో ఉంచారు. తండ్రి వీడియో కాల్ చేసి ఆసుపత్రి మంచం మీద నుంచి "చార్జ్ లేలో" అంటే, మా దేవుడి గూటి ముందు కూర్చుని ఈ పిల్ల "లేలియా" అనేది. అక్కడొక నర్సు రోజూ ఆ టైముకి వచ్చి ఫోను పట్టుకుని నిలబడేదట. ఆమె పేరేమిటో మాకు తెలీదు. తులసమ్మ ఇప్పటికీ ఆమె పేరున ఒక అగరొత్తి వెలిగిస్తుంది.

ఒక మధ్యాహ్నం మనోజ్ ఫోన్ చేశాడు. "అత్తయ్యా, మామయ్యని డిశ్చార్జ్ చేసేస్తున్నారు."

మా ఊళ్ళలో ఆ మాటకి ఒకటే అర్థం. డిశ్చార్జి అంటే బాగైపోయాడని. తులసమ్మ ఇంకో మాట వినలేదు. గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. పులిహోర కలిపింది. వీధిలో నాలుగిళ్ళకి పంచింది. సాహు భాభీకి ఆకులో కట్టి ఇచ్చింది. నీలిమకి కొత్త గౌను తొడిగి, గుమ్మంలో నిలబెట్టి, దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలిపి ఉంచింది. సాయంత్రం చిన్నారావు ఆటో వచ్చి ఆగింది. చిన్నారావు మా శ్రీకాకుళంవాడే. స్టేషన్ నుంచి ప్రతి గుంతకీ ఆటోని ఆపి ఆపి తెచ్చాడట. సింహాద్రిని చెరో పక్కా పట్టి దించారు. పాదం ఎత్తి వేసే ఆ నడక లేదు. ఈడ్చుకొస్తున్నాడు. మనోజ్ ముఖం చూసి నాకు అర్థమైపోయింది. తులసమ్మకి ఇంకా కాలేదు. దిష్టి నీళ్ళు తిప్పుతూ, "నయమైపోయిందట కదా మరిదీ, ఇంక రెండు ముద్దలు తింటే లేచి కూర్చుంటావు," అంటోంది.

"నయం కాలేదు వదినా," అన్నాడు సింహాద్రి. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "ఇంక చెయ్యడానికి ఏటీ లేదన్నారు. దించీసేరు."

ఆ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని ఆవిడ ఎక్కడ పారబోయాలో తెలీక అలా నిలబడిపోయింది. వీధిలో పులిహోర తిన్నవాళ్ళు ఒక్కొక్కరే గేటు దగ్గరికి వచ్చి, నవ్వుముఖాలతో వచ్చి, తల దించుకుని వెళ్ళారు. కోపగించుకున్నవాళ్ళు ఒక్కరు లేరు. శర్మాజీ కోడలు ఖాళీ గిన్నె తోమి తెచ్చి ఇస్తూ తులసమ్మ చెయ్యి కాసేపు పట్టుకుంది. అంతే.

కడుపులో గడ్డ. అప్పటికే పాకిపోయింది. ఎన్నాళ్ళన్నది డాక్టర్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. సింహాద్రి తన సంగతి ఎవరినీ అడగలేదు. అతనికి ఉన్నది ఒకటే ప్రశ్న. నీలిమని ఎవరికి అప్పగించి వెళ్ళాలి?

నీలిమకి చార్జి అన్న మాట రెండు విధాలుగా తెలుసు. ఒకటి పొద్దుటిది. రెండోది ఫోనుది. ఫోను నల్లబడితే తీగ గుచ్చాలి, గుచ్చితే వెలుగుతుంది. తండ్రి మంచం దిగకపోవడం చూసి చూసి, ఒకరోజు చార్జరు తీగ తెచ్చి, దాని మొన అతని అరచేతిలో పెట్టి, గుప్పెట మూసి, పక్కన కూర్చుంది. సింహాద్రి ఆ గుప్పెట విప్పలేదు. అన్నం వేళయ్యి తులసమ్మ పిలిచేదాకా అలాగే పట్టుకున్నాడు.

మొదట మనోజ్‌ని అడిగాడు. నీలిమ వాడికి వరసకి మరదలే. వాడిది భిలాయిలో పుట్టి పెరిగిన నోరు, సగం మాట హిందీయే.

"మామయ్యా, నేను ఝూట్ చెప్పను. నేనూ సుచిత్రా ఇద్దరం డ్యూటీకి పోతాం. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నీలూకి ఫిట్స్ వస్తే వాళ్ళు భయపడిపోతారు. ఒక నెల అంటే ఉంచుతాను. జిందగీ భర్ అంటే..." అని, మంచం పక్కన నేల మీద కూర్చుని మామయ్య కాళ్ళు పట్టాడు. చీకటి పడేదాకా పట్టాడు.

"తప్పులేదురా," అన్నాడు సింహాద్రి. "చెయ్యలేని చార్జి లేలియా అనకూడదు. అన్నవోడే ప్రమాదం."

తులసమ్మ మాత్రం, "మేం లేమా? ఎదురింట్లోనే ఉన్నాం," అంది.

"మీరున్నారు వదినా. ఎన్నాళ్ళు?"

మాకు డెబ్భై దాటాయి. పిల్లలు లేరు. మా తర్వాత మా ఇంటికే దీపం పెట్టేవాళ్ళు లేరు. మంచితనం ఉంది గాని, దానికి మోకాళ్ళు లేవు. ఈ మాట పైకి అన్నానో లేదో గుర్తు లేదు. సింహాద్రి మాత్రం నవ్వాడు.

సుబ్రహ్మణ్యం మాస్టారు తిరిగి తిరిగి, దుర్గ్ అవతల పల్లెలో ఇలాంటి ఆడపిల్లలని ఉంచుకునే ఒక ఆశ్రమం కనుక్కున్నారు. వాకిట్లో వేపచెట్టు, వరసగా ఇనప మంచాలు, గోడకి హనుమంతుడి పటం. నడిపేవాళ్ళు మంచివాళ్ళే. పనివాళ్ళే నిలవరు. తండ్రి ఉండగానే పిల్లని అలవాటు చెయ్యండి అన్నారు.

తీసుకెళ్ళే రోజు తులసమ్మ నీలిమకి తల దువ్వి, బొట్టు పెట్టి, చున్నీ కొంగున పసుపు బియ్యం కట్టింది. అలా ఎందుకు కట్టావని నేనడిగితే, "అప్పగింతలంటూ దీనికి ఇవే కదా," అంది. నీలిమ ఆటో ఎక్కడం సరదాగా ఎక్కింది. చెవిలో కొత్తిమీర రెబ్బ ఉంది.

అక్కడ వదిలి వచ్చాక ఫోన్ రావడం మొదలైంది. పిల్ల తినడం లేదు. ఏడవదు, అల్లరి చెయ్యదు. పొద్దున్నే లేచి మంచం పక్కన నేల మీద మఠం వేసుకుని కూర్చుంటుంది. పళ్ళెం పెడితే పక్కకి నెడుతుంది. ఎవరి నోటి వైపో చూస్తూ ఉంటుంది. "ఏదో అడుగుతోంది బాబూజీ, ఏమిటో తెలీడం లేదు," అంది ఆయా. ఆయా దగ్గరున్నది బొమ్మ కనబడని చిన్న ఫోను. అందులోనే సింహాద్రి ఆ మాట అన్నాడు. అప్పటికే గొంతు సన్నగిల్లిపోయింది. నీలిమ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అటు ఇటు వెతికి, మళ్ళీ కూర్చుందట.

"నన్ను తీసుకెళ్ళండి," అన్నాడు.

ఆ మనిషిని కదిలించకూడదు. అయినా చిన్నారావు ఆటోలో పరుపు వేశాడు. తెల్లవారుతూనే బయల్దేరాం, తులసమ్మా నేనూ అతన్ని మధ్యన కూర్చోబెట్టుకుని. అతను దారిలో ఒక్కమాటే అడిగాడు, ప్లాంటు వైపు పొగ కనిపిస్తోందా అని. కనిపిస్తోందన్నాను. మబ్బు పట్టి ఉంది, నిజానికి ఏమీ కనిపించలేదు.

ఆయా పేరు కుంతీ బాయి. ఆ చుట్టుపక్కల పల్లెదే. మేము వెళ్ళేసరికి నీలిమ ముందు కూర్చుని, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, ఏదో పాట పాడుతోంది. పిల్లకి రెండు జడలు వేసి, సొంత కూతురివేమో, పాత రిబ్బన్లు కట్టింది. తర్వాత తెలిసింది, ఈ పిల్ల తినలేదని ఆమె కూడా రెండు పూటలు టీతోనే గడిపిందని.

సింహాద్రిని పట్టుకుని హనుమంతుడి పటం ముందుకి తెచ్చాం. నిలబడలేక గోడకి చేరబడ్డాడు. "చార్జ్ లేలో" అన్నాడు. నీలిమ ఒక్కసారిగా ముఖం విప్పి, "లేలియా" అంది. అని, ముద్ద నోట్లోకి తీసుకుంది.

"ఇంతేనా భయ్యా?" అంది కుంతీ బాయి. "ఈ మాటకా పిల్ల ఇన్ని పూటలు మాడింది? నేనంటాను రోజూ. నాదేం పోయింది." అని అప్పుడే పటానికి దండం పెట్టి తనూ అంది. నీలిమ తండ్రి వైపు చూసింది. ఆమె వైపు చూసింది. మళ్ళీ తండ్రి వైపు చూసింది. చాలాసేపటికి, సన్నగా, "లేలియా" అంది.

తులసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గండం గడిచిందనే అనుకున్నాం.

మమ్మల్ని గేటు దాకా సాగనంపుతూ కుంతీ బాయే అంది. దాచిపెట్టే మనిషి కాదు. "భయ్యా, నేను మాట తప్పను. కానీ నేనెన్నాళ్ళుంటానో నాకే తెలీదు. నా ముందామె హోలీ దాకే ఉంది. ఆ ముందామె ఎప్పుడెళ్ళిందో ఎవరికీ తెలీదు. పొలం పనులొస్తే మావాళ్ళు నన్నూ రమ్మంటారు."

సింహాద్రి గేటు పక్కన దిమ్మ మీద కూర్చుండిపోయాడు. చిన్నారావు నీళ్ళ సీసా అందిస్తే పట్టుకున్నాడు గాని తాగలేదు. లోపల నీలిమ పళ్ళెం గచ్చు మీద గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. అదయ్యేదాకా విన్నాడు. తర్వాత కుంతీ బాయికి రెండు చేతులూ జోడించాడు, పటం ముందు జోడించినట్టే.

"దీదీ, నిన్ను ఉండిపొమ్మని అడగను. ఎవరూ ఉండిపోలేరు. ఒక్క ఉపకారం చెయ్యి. నువ్వు వెళ్ళే రోజున, నీ బదులు వచ్చినామె ఈ గేట్లోకి వచ్చేదాకా ఆగు. పిల్లకి ఈ మాట చెప్పాలని ఆమెకి చెప్పు. ఆమె తన నోటితో లేలియా అన్నాకే నువ్వు బయటికి అడుగెయ్యి. ఆమె వెళ్ళేటప్పుడు మళ్ళీ వచ్చినామెకి అలాగే చెప్పి వెళ్ళమను. చెప్పకుండా మాత్రం దిగిపోవద్దు దీదీ. ఎవరినీ దిగిపోనివ్వొద్దు."